రెండో సీజన్‌కు ముందు మొదటి సీజన్ జీతాలు: లీగా దె బాలోంపియె మెహికానో పెద్దలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన లీగా దె బాలోంపియె మెహికానో కార్యవర్గానికి, ఆ లీగ్‌ను నడిపే మెక్సికన్ బాలోంపియె జాతీయ సంఘానికి, దాన్ని తమలో చేర్చుకున్న, ఫిఫాలో లేని జట్ల సంస్థ కోనిఫా పెద్దలకు, ఫ్రాంచైజీ యజమానులకు

నమస్కారం.

2020 అక్టోబరులో మొదలైన మీ ఫుట్‌బాల్ లీగ్ తొలి సీజన్‌లో చాపులినెరోస్ దె ఓహాకా కప్పు గెలిచింది. ఫైనల్లో మెక్సికో నగరం జట్టు అత్లెతికో కాపితాలీనో ఓడింది. మహమ్మారి నెలల్లో ఒక కొత్త లీగ్‌ను ఫైనల్ దాకా తీసుకురావడం చిన్న పని కాదు. అందుకు మనస్ఫూర్తిగా అభినందనలు.

ఆ కప్పు వెనక ఒక బాకీ ఉంది. సీజన్ మొదలుపెట్టిన క్లబ్బుల్లో కొన్ని మధ్యలోనే తప్పుకున్నాయి. షెడ్యూల్‌లో ఉన్న మ్యాచ్‌లన్నీ జరగలేదు. ఒకటి కాదు, పలు క్లబ్బుల ఆటగాళ్లు జీతాలు రాలేదని పత్రికల ముందు చెప్పుకున్నారు. ఫిర్యాదును ఎవరు తీసుకోవాలి, ఎన్ని రోజుల్లో తేల్చాలి, డబ్బు ఎక్కడి నుంచి రావాలి అన్న మూడు ప్రశ్నలకు లీగ్ నుంచి నిలకడైన జవాబు రాలేదు. ఇప్పుడు 2021లో రెండో సీజన్ మాట నడుస్తోంది కాబట్టి ఆ ప్రశ్నలను అందరి ముందూ పెడుతున్నాం.

మెక్సికో లీగ్ గురించి తెలుగులో ఉత్తరం ఎందుకని కొందరు అడగవచ్చు. అధికార సంఘం గొడుగు బయట పుట్టిన లీగ్ ఎలా ఉంటుందో తెలుగువాళ్లకు తెలుసు. 2007లో ఇండియన్ క్రికెట్ లీగ్ మొదలైనప్పుడు హైదరాబాద్ హీరోస్ జట్టు మనదే. అందులో చేరినవారిని బీసీసీఐ వెలివేసింది. 2009లో క్షమాభిక్ష ప్రకటించాకే అంబటి రాయుడు లాంటివాళ్లకు దారి తెరుచుకుంది. భారత జట్టు టోపీ ఆయన తలకెక్కేసరికి 2013 వచ్చింది. అందరూ రాయుళ్లు కాలేరు. బకాయిలు రాక, వెనక్కి వెళ్లే దారి దొరక్క మిగిలిపోయినవారి పేర్లు ఎవరికీ గుర్తులేవు. మీ లీగ్ ఆటగాళ్లకు ఆ గతి పట్టకూడదనే ఈ లేఖ.

మీ లీగ్ ఏ ఖాళీని చూసి పుట్టిందో మాకు తెలుసు. 2020 ఏప్రిల్‌లో మెక్సికో ఫుట్‌బాల్ సమాఖ్య రెండో అంచె అసెన్సో ఎమ్ఎక్స్‌ను మూసేసింది. దాని స్థానంలో లీగా దె ఎక్స్‌పాన్షియోన్‌ను తెచ్చి, పై అంచెకు ఎక్కడం, కింది అంచెకు దిగడం రెండింటినీ 6 సీజన్లపాటు ఆపేసింది. ఎంత బాగా ఆడినా పైకి వెళ్లే మెట్టు లేదని తెలిశాక, వందల మంది ఆటగాళ్లకు కెరీర్ అన్న మాటే అర్థం లేకుండా పోయింది. అలాంటి వేళ బాలోంపియె అనే పేరుతో, అంటే ఇంగ్లిషు నుంచి వచ్చిన ఫుత్బోల్ అన్న మాట వదిలి బాలోన్ (బంతి), పియె (పాదం) కలిపిన అచ్చ స్పానిష్ మాటతో, ఒక కొత్త తలుపు తెరిచారు. లండన్ 2012 ఒలింపిక్ స్వర్ణం గెలిచిన జట్టులో ఆడిన, మూడు ప్రపంచ కప్పులు చూసిన కార్లోస్ సాల్సిదోను అధ్యక్షుడిగా నిలబెట్టారు. జనం నమ్మారు. కుర్రవాళ్లు వచ్చి చేరారు. ఆ నమ్మకం విలువ తెలిసినవాళ్లుగానే ఈ కింది విషయాలు మీ ముందుంచుతున్నాం.

జరిగింది, దానివల్ల ఎవరికి ఏమైంది

1. జీతం ఆగడం దురదృష్టం కాదు, లెక్క తప్పడం. 2020లో మెక్సికో కనీస వేతనం రోజుకు 123.22 పెసోలు. ఉత్తర సరిహద్దు మండలంలో 185.56. ఆటగాడికి చట్టం ఒప్పుకునే అతి తక్కువ జీతమే ఇచ్చినా, 30 రోజులకు 3,696.60 పెసోలు అవుతుంది. 22 మంది జట్టుకు నెలకు 81,325.20. సరిహద్దు మండలంలో అయితే 1,22,469.60. ఇందులో కోచ్ లేడు, డాక్టర్ లేడు, బస్సు లేదు, మైదానం అద్దె లేదు, రిఫరీల ఫీజు లేదు. క్లబ్బు మైదానంలోకి దిగకముందే పడే కనీస ఖర్చు ఇది. దీన్ని టికెట్ల మీద రాబట్టుదామనుకున్న యజమాని మొదటి నెలలోనే మునిగిపోతాడు. ఎందుకంటే ఆ నెలల్లో స్టేడియం గేటు తెరవాలా వద్దా అన్నది క్లబ్బు చేతిలో లేదు. రాష్ట్రానికో రంగు వేసే కోవిడ్ సిగ్నల్ చేతిలో ఉంది. ఎరుపు పడితే గేటు మూత, నారింజ పడితే అనుమానం. ఈ సంగతి సీజన్ మొదలయ్యే రోజుకే అందరికీ తెలుసు. అయినా ఫ్రాంచైజీలకు అనుమతి ఇచ్చేటప్పుడు, ఒక్క టికెట్టూ అమ్ముడుపోకపోతే జీతాలు ఎలా ఇస్తావన్న ప్రశ్నకు బ్యాంకు కాగితం రూపంలో జవాబు అడగాల్సింది. అదే మొదటి తప్పు. మిగతా తప్పులన్నీ దీని పిల్లలే.

2. ఒక క్లబ్బు తప్పుకుంటే నష్టం ఆ క్లబ్బుతో ఆగదు. మైదానంలోకి కనీసం 7 మంది దిగకపోతే మ్యాచ్ మొదలుపెట్టకూడదన్నది ఆట నియమం. జీతం రాని జట్టు నుంచి ఒక్కొక్కరూ వెళ్లిపోతుంటే ఆ ఏడుగురు దొరకడమూ కష్టమే. అప్పుడు ఎదుటి జట్టు గెలిచినట్టు లెక్క రాసేస్తారు గానీ, ఆ జట్టు మైదానం అద్దె అప్పటికే కట్టి ఉంటుంది. అంబులెన్సు పిలిచి ఉంటుంది. ఓహాకా నుంచి మెక్సికో నగరానికి దాదాపు 460 కిలోమీటర్లు, అక్కడి నుంచి గ్వాదలహారాకు ఇంకో 540. రాత్రంతా బస్సులో వచ్చిన జట్టుకు ఎదుట జట్టే లేకపోతే ఆ డీజిల్ ఖర్చు ఎవరిస్తారు? ఆ క్లబ్బు తర్వాతి పక్షం (15 రోజుల) జీతంలోంచే అది పోతుంది. ఇలా ఒకరి దివాలా ఇంకొకరి జీతాన్ని తింటుంది.

3. పాయింట్ల పట్టికలో కనపడనివారు ముందుగా మునుగుతారు. ఆటగాడికి కనీసం పేరైనా ఉంటుంది. బూట్లు తుడిచి, జెర్సీలు ఉతికి, బంతులు లెక్కపెట్టే ఊతిలేరోకు అదీ ఉండదు. మసాజు చేసే మనిషి, జట్టుకు గదులు అద్దెకిచ్చిన ఇంటామె, ఖాతా మీద అన్నం పెట్టిన చిన్న ఫోందా యజమాని, వీళ్ల దగ్గర ఒప్పంద పత్రమూ ఉండదు, విలేకరుల ఫోన్ నంబరూ ఉండదు. క్లబ్బు బోర్డు తీసేసిన రోజు వీళ్ల బాకీ పుస్తకంలో గీత పడదు.

4. గాయం సీజన్ కంటే ఎక్కువ కాలం బతుకుతుంది. మోకాలి ముందు లిగమెంటు తెగితే ఆపరేషన్ తర్వాత మళ్లీ మైదానంలోకి రావడానికి మామూలుగా 9 నెలలు పడుతుంది. మీ సీజన్ ఒప్పందం అంతకంటే ముందే ముగిసిపోతుంది. చట్టంలో దీనికి దారి ఉంది. ఆట ఆడుతుండగా తగిలిన దెబ్బ పనిలో తగిలిన దెబ్బే. సామాజిక భద్రతా సంస్థ ఇమ్స్‌లో ఆటగాడు నమోదై ఉంటే, వైద్యంతోపాటు 52 వారాల వరకు నమోదైన జీతంలో 100 శాతం వస్తుంది. 'నమోదైన' అన్న మాట గమనించండి. జీతం తక్కువ చేసి రాయిస్తే ఆ తక్కువే వస్తుంది. అసలు నమోదే చేయకపోతే? వైద్యం ఖర్చు ఇమ్స్ ఆ యజమాని నుంచి రాబట్టవచ్చని సామాజిక భద్రతా చట్టం 77వ సెక్షన్ చెబుతుంది. కానీ అందాకా కుంటుతూ తిరగాల్సింది ఆటగాడే. పనిలో పెట్టుకున్న 5 పని దినాల్లోగా నమోదు చేయాలని అదే చట్టం 15వ సెక్షన్ యజమానికి చెప్పింది. లీగ్ ఈ కాగితం చూపించమని అడగకపోతే ఇంకెవరూ అడగరు.

5. పైన చెప్పుకునే చోటు లేదు. ఇదే మీ లీగ్‌కూ మిగతా లీగ్‌లకూ ఉన్న పెద్ద తేడా. దీన్ని వివరంగా చెప్పాలి.

ఫిఫా గొడుగు కింద జీతాలు ఎగ్గొట్టరని మేం అనడం లేదు. 2019 అక్టోబరులో మెక్సికో పై అంచె క్లబ్బు వెరాక్రుజ్ ఆటగాళ్లు తమ జీతాల కోసం తీగ్రెస్ జట్టు మీద మ్యాచ్ మొదట్లో బొమ్మల్లా నిలబడిపోయారు. ఎదుటి జట్టు ఆ సమయంలోనే గోలు కొట్టింది. ప్రపంచమంతా చూసింది. అయితే తర్వాత ఏం జరిగిందో కూడా చూడాలి. అదే ఏడాది డిసెంబరులో సమాఖ్య ఆ క్లబ్బును వెలివేసింది. ఆటగాళ్లకు వివాద పరిష్కార సంఘం ఉంది, ఆటగాళ్ల సంఘం ఎఎమ్ఎఫ్‌ప్రో ఉంది. ఫిఫా నిబంధనల ప్రకారం రెండు నెలల జీతం బాకీ పడితే, 15 రోజుల నోటీసు ఇచ్చి, ఆటగాడు తన ఒప్పందాన్ని తానే రద్దు చేసుకోవచ్చు. మూతపడ్డ క్లబ్బుల ఆటగాళ్ల కోసం ఫిఫా 1.6 కోట్ల డాలర్ల నిధి కూడా 2020లో పెట్టింది. మీ లీగ్ ఆటగాడికి వీటిలో ఏదీ వర్తించదు. అతని పిటిషన్ ఫిఫా గుమ్మం దగ్గరే ఆగుతుంది.

ఇంకో నష్టం మెల్లగా తెలుస్తుంది. ఫిఫా నిబంధనల ప్రకారం ఆటగాడు 12 నుంచి 23 ఏళ్ల మధ్య ఎక్కడ ఆడాడో 'ఆటగాడి పాస్‌పోర్టు' అనే రికార్డులో నమోదవుతుంది. తర్వాత అతను పెద్ద క్లబ్బుకు అమ్ముడైతే ఆ బదిలీ డబ్బులో 5 శాతం వరకు అతన్ని తీర్చిదిద్దిన క్లబ్బులకు వెళుతుంది. మీ క్లబ్బులో గడిపిన ఏడాది ఆ పాస్‌పోర్టులో ఖాళీ గడి. కాబట్టి ఒక మంచి కుర్రవాణ్ని తయారుచేసినందుకు మీ క్లబ్బుకు రేపు వచ్చే ఆదాయం కూడా లేదు. ఈ లెక్క తెలియకుండా ఫ్రాంచైజీ కొన్నవారు మోసపోయినట్టే.

6. కోనిఫా సభ్యత్వం జీతాలకు హామీ కాదు. 2013లో ఏర్పడిన కోనిఫా ఫిఫాలో చోటు దొరకని జాతులకు, ప్రాంతాలకు ఒక వేదిక. సాప్మి, అబ్‌ఖాజియా, టిబెట్, తమిళ ఈళం జట్లు ఆడేందుకు చోటిచ్చిన సంస్థ అది. ఆ పని పట్ల మాకు గౌరవం ఉంది. కానీ అది ప్రధానంగా స్వచ్ఛంద సేవకుల మీద నడిచే సంస్థ. దానికి జాతీయ జట్ల టోర్నీలు నడిపిన అనుభవం ఉంది. నెల జీతాల మీద బతికే వృత్తి లీగ్‌లో క్లబ్బులను అదుపు చేసే యంత్రాంగం లేదు. అంతర్జాతీయ సంస్థలో సభ్యత్వం ఉందన్న మాట విని, అక్కడ తన బాకీ అడగవచ్చని ఒక 19 ఏళ్ల కుర్రవాడు అనుకుంటే తప్పు అతనిది కాదు.

7. చట్టం మీ లీగ్‌కూ వర్తిస్తుంది. ఫిఫా బయట ఉన్నంత మాత్రాన మెక్సికో కార్మిక చట్టం బయట లేరు. ఫెడరల్ కార్మిక చట్టంలో 292 నుంచి 303 దాకా ఉన్న సెక్షన్లు వృత్తి క్రీడాకారుల కోసమే రాసినవి. సమాఖ్యలో ఉన్నవారికే ఇవి వర్తిస్తాయని వాటిలో ఎక్కడా లేదు. ఒప్పందం సీజన్‌కు కావచ్చు, కొన్ని మ్యాచ్‌లకు కావచ్చు అని 293 చెబుతుంది. ఆటగాడి అంగీకారం లేకుండా అతన్ని మరో క్లబ్బుకు పంపకూడదని 295 చెబుతుంది. క్రమం తప్పని వైద్య పరీక్షలు, వారానికో సెలవు 301 ప్రకారం యజమాని బాధ్యత. 15 రోజులకు మించి జీతం ఆపకూడదని 88 చెబుతుంది. డిసెంబరు 20లోగా ఇచ్చే అగినాల్దో, అంటే ఏడాదికి కనీసం 15 రోజుల జీతం బోనసు, ఆటగాడికీ వస్తుంది. 5 నెలలే పనిచేస్తే ఆ లెక్కన 6.25 రోజుల జీతం. మీ మొదటి సీజన్ మధ్యలోనే ఆ డిసెంబరు 20 వచ్చి వెళ్లిపోయింది. ఎన్ని క్లబ్బులు ఇచ్చాయో మీ రికార్డులు తెరిచి చెప్పండి.

కాలం ఆగదని కూడా గుర్తుచేస్తున్నాం. జీతం బాకీని అడిగే హక్కు 516వ సెక్షన్ ప్రకారం ఏడాదిలో చెల్లిపోతుంది. 2020 అక్టోబరు 31న రావాల్సిన డబ్బు కోసం 2021 అక్టోబరు ముగిసేలోగా కేసు పడాలి. ఉద్యోగం నుంచి తీసేస్తే గడువు ఇంకా తక్కువ, 2 నెలలు. 'రేపు మాట్లాడదాం, ఎల్లుండి చూద్దాం' అని నడిపించే ప్రతి వారమూ ఆటగాడి హక్కులోంచి కోసుకున్న ముక్కే. తెలిసి చేసినా తెలియక చేసినా ఫలితం ఒకటే.

పైగా గుమ్మాలు ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా ఉన్నాయి. 2020 నవంబరు 18 నుంచి కొత్త కార్మిక న్యాయ పద్ధతి 8 రాష్ట్రాల్లో మొదలైంది. వాటిలో మెక్సికో రాష్ట్రం (దేశం పేరే ఉన్న రాష్ట్రం) ఒకటి. నెసా, నౌకాల్పాన్ జట్లు ఆ రాష్ట్రానివే. అక్కడి ఆటగాడు ముందు రాజీ కేంద్రానికి వెళ్లాలి. 45 రోజుల్లో తేలకపోతేనే కోర్టు. రోడ్డుకు అవతల మెక్సికో నగరం జట్టు ఆటగాడేమో 2021లో ఇంకా పాత రాజీ-మధ్యవర్తిత్వ బోర్డుకే వెళ్లాలి. ఓహాకా, హాలిస్కోల్లోనూ అంతే. ఒకే లీగ్, ఒకే బాకీ, రెండు దారులు. చదువు మధ్యలో ఆపి వచ్చిన కుర్రవాడికి ఇదంతా ఎవరు చెప్పాలి? లీగ్ చెప్పాలి. చెప్పే మనిషి లేడు.

మేం కోరేది

8. మొదటి సీజన్ బాకీల పట్టిక. ఈ లేఖ అందిన 30 రోజుల్లో క్లబ్బులవారీగా పట్టిక ప్రకటించండి. ఎంతమందికి ఒప్పందం ఉంది, ఎన్ని పక్షాల జీతం ఇచ్చారు, ఎంత మిగిలింది, అగినాల్దో ఇచ్చారా, ఇమ్స్ నమోదు ఉందా అన్న ఐదు గడులు చాలు. ఆటగాళ్ల పేర్లు వద్దు, సంఖ్యలు చాలు. తప్పుకున్న క్లబ్బులు కూడా పట్టికలో ఉండాలి. వాటి లోగో మీ జాబితాలోంచి తీసేశారు కానీ వాటిని చేర్చుకున్న సంతకం మీదే.

9. డిపాజిట్ లేకుండా షెడ్యూల్ వద్దు. మా కోరికల్లో ముఖ్యమైనది ఇదే. మిగతావన్నీ ఒప్పుకుని దీన్ని పక్కన పెడితే ఏమీ చేయనట్టే. ప్రతి క్లబ్బూ 3 నెలల జీతాల మొత్తాన్ని సీజన్‌కు ముందు బ్యాంకులో విడిగా ఉంచాలి. ఆ ఖాతా క్లబ్బు చేతిలోనూ ఉండకూడదు, లీగ్ చేతిలోనూ ఉండకూడదు. బ్యాంకు ట్రస్టు ఖాతాగా ఉండాలి. డబ్బు బయటికి రావడానికి ఒకే కారణం ఉండాలి: ఫలానా పక్షం జీతం పడలేదని వివాద సంఘం (కింద 13లో చెప్పినది) ఇచ్చిన కాగితం.

లెక్క ఇలా వేయండి. 2021 కనీస వేతనం రోజుకు 141.70 పెసోలు. నెలకు 4,251. 22 మంది ఆటగాళ్లు, కోచ్, సహాయ కోచ్, గోల్‌కీపర్ కోచ్, డాక్టర్, మసాజు మనిషి, ఊతిలేరో కలిపి 28 మంది. నెలకు 1,19,028 పెసోలు, 3 నెలలకు 3,57,084. ఇది అట్టడుగు మొత్తం. ఒప్పందంలో రాసిన జీతం ఎక్కువైతే డిపాజిట్ కూడా ఆ మేరకు పెరగాలి. ఇమ్స్ చందా, అగినాల్దో వాటా అదనం. ఈ మొత్తం తేలేని యజమానికి మైదానంలో జట్టును దింపే స్తోమత లేదని అర్థం. అలాంటివారిని వద్దనడానికి మొహమాటపడవద్దు. 8 గట్టి క్లబ్బులతో నడిచే లీగ్, మధ్యలో సగం రాలిపోయే పెద్ద లీగ్ కంటే ఎంతో మేలు. ప్రారంభ సభలో వేదిక మీద జెర్సీల సంఖ్య చూసి మురిసిపోయే రోజులు గడిచాయి.

ఖాతాలోంచి ఒక పక్షం జీతం తీస్తే, క్లబ్బు దాన్ని 10 రోజుల్లో మళ్లీ నింపాలి. నింపకపోతే తర్వాతి మ్యాచ్‌కు ముందే ఆ క్లబ్బును ఆపేయాలి. ఇలా ఆపితే ఆటగాళ్ల చేతిలో ఇంకా రెండున్నర నెలల జీతం భద్రంగా ఉంటుంది. ఆలస్యంగా ఆపితే ఏమీ ఉండదు.

10. ఒప్పందం మూడు ప్రతుల్లో. చట్టం రెండు ప్రతులు అడుగుతుంది, యజమానికొకటి, కార్మికుడికొకటి. మూడోది లీగ్ దగ్గర ఉండాలి. జీతం అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాయాలి. ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుందో తేదీలు వేయాలి. బస, భోజనం ఇస్తే అది జీతంలో భాగమా, అదనమా స్పష్టంగా రాయాలి. ఇక్కడే ఎక్కువ గొడవలు పుడతాయి. 'ఇల్లు ఇచ్చాం కదా' అన్న ఒక్క మాటతో నెల జీతం ఎగిరిపోతుంది. ఖాళీ కాగితం మీద సంతకం, తేదీ లేని రాజీనామా లేఖ దొరికితే ఆ క్లబ్బుకు పాయింట్లు కోయండి.

11. ఇమ్స్ రుజువు లేనిదే ఆటగాడి కార్డు ఇవ్వవద్దు. ఆటగాడి సామాజిక భద్రతా సంఖ్య, నమోదు తేదీ, నమోదు చేసిన జీతం, ఈ మూడూ కార్డు దరఖాస్తులో ఉండాలి. నమోదైన జీతం ఒప్పందంలోని జీతంతో సరిపోకపోతే దరఖాస్తు వెనక్కి పంపాలి. దీనికి పెద్ద ఆఫీసు అక్కర్లేదు. ఒక గుమాస్తా, ఒక కంప్యూటర్ చాలు.

12. జీతం బ్యాంకులో, పక్షానికోసారి, పన్ను శాఖ గుర్తించే డిజిటల్ రసీదుతో. నగదు కవర్లు మానండి. కవర్ ఇచ్చినట్టూ రుజువు ఉండదు, ఇవ్వనట్టూ ఉండదు.

13. ముగ్గురు సభ్యుల వివాద సంఘం. ఒకరిని క్లబ్బులు ఎన్నుకోవాలి, ఒకరిని ఆటగాళ్లు ఎన్నుకోవాలి. అధ్యక్షత మాత్రం కార్మిక చట్టం చదివిన బయటి న్యాయవాదికి ఇవ్వాలి. ఫిర్యాదు ఒక పేజీ, ఫీజు లేదు. క్లబ్బు జవాబుకు 5 రోజులు, తీర్పుకు మొత్తం 20 రోజులు. ఈ సంఘానికి వెళ్లినంత మాత్రాన కోర్టుకు వెళ్లే హక్కు పోదని ఒప్పందంలోనే రాయండి.

14. వదిలివెళ్లే కాగితం. క్లబ్బు తప్పుకున్న రోజే ఆ ఆటగాళ్లందరూ స్వేచ్ఛాజీవులని లీగ్ ముద్ర వేసి ఉత్తరం ఇవ్వాలి. జీతం సమయానికి అందకపోతే కార్మిక చట్టం 51వ సెక్షన్ ప్రకారం ఆటగాడు తానే వెళ్లిపోవచ్చు. అలా వెళ్లినవారికీ అదే ఉత్తరం ఇవ్వాలి. బదిలీ డబ్బు అడిగే హక్కు ఆ క్లబ్బుకు ఉండకూడదు.

మెక్సికో ఫుట్‌బాల్ సమాఖ్య పెద్దలకు ఇక్కడే ఒక మాట. తలుపు మూసింది మీరు. బయట వేరే తలుపు వెతుక్కున్న కుర్రవాళ్ల మీద కక్ష పెట్టుకోవద్దు. 1980లో సమ్మె చేసి సొంత సంఘం పెట్టుకున్న మెక్సికన్ బేస్‌బాల్ ఆటగాళ్లను పాత లీగ్ నల్లజాబితాలో పెట్టింది. అందులో ఎందరి కెరీర్లు పోయాయో మీకు తెలుసు. దానికి భిన్నమైన ఉదాహరణ కూడా ఉంది. 1949 నుంచి కొలంబియా లీగ్ ఫిఫా బయట నడిచింది. అర్జెంటీనా మేటి ఆటగాడు దీ స్తెఫానో లాంటివాళ్లు అక్కడ ఆడారు. 1951లో లీమాలో కుదిరిన ఒప్పందం ఆ ఆటగాళ్లు 1954 నాటికి తమ పాత క్లబ్బులకు తిరిగి వెళ్లేలా దారి వేసింది. గొడవ పడిన రెండు పక్షాలు కూర్చుని రాసుకున్న కాగితం అది. అలాంటి కాగితం మీరూ రాసుకోగలరు. ఆటగాడి వయసు ఎవరి కోసమూ ఆగదు.

15. కోనిఫాకు. సభ్య సంఘం పేరుతో నడిచే లీగ్‌లో జీతాల బాకీ మిగిలి ఉంటే రెండో సీజన్‌కు మీ గుర్తు వాడనివ్వవద్దు. డబ్బు వసూలు చేసే అధికారం మీకు లేకపోవచ్చు. పేరు ఇవ్వడం, ఇవ్వకపోవడం మాత్రం మీ చేతిలోనే ఉంది. ఆటగాళ్లు మీ దగ్గర బాకీ కేసు వేయలేరన్న సంగతి స్పానిష్‌లో, పెద్ద అక్షరాల్లో ప్రకటించండి.

16. డాక్టర్, అంబులెన్సు, ఆగిన గుండెకు షాక్ ఇచ్చే డీఫిబ్రిలేటర్ లేకుండా రిఫరీ విజిల్ వేయకూడదు. దీని మీద చర్చ అవసరం లేదు.

ఆటగాళ్లకు, సిబ్బందికి

పెద్దలు కదిలేదాకా మీరు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. ఒప్పందం ప్రతి మీ దగ్గర లేకపోయినా హక్కు పోదు. రాతపూర్వక ఒప్పందం లేకపోవడం యజమాని తప్పేనని కార్మిక చట్టం 26వ సెక్షన్ చెబుతుంది. జీతం ఇచ్చానని రుజువు చేయాల్సిందీ యజమానే. జీతాల పట్టికలు కోర్టుకు తేలేకపోతే, మీరు చెప్పినదే నిజమని మొదట భావిస్తారు. అయినా మీ వంతుగా ఇవి పోగుచేసుకోండి: ప్రాక్టీసుకు రమ్మన్న వాట్సాప్ సందేశాలు, వాటిలో తేదీలు కనిపించేలా, మీ పేరున్న మ్యాచ్ షీట్ ఫొటో, ఒక్కసారి పడినా సరే, జీతం పడ్డ బ్యాంకు కాగితం, బస్సు టికెట్లు, గాయమైతే మొదటి రోజే డాక్టర్ రాసిన చీటీ. ఫోన్ మారిస్తే పోతాయి, కాబట్టి ఇంకోచోట కూడా దాచండి. క్లబ్బు మిమ్మల్ని ఇమ్స్‌లో చేర్చకపోతే, పనిచేసినట్టు రుజువు చూపి మీరే చేర్చమని అడగవచ్చు. సామాజిక భద్రతా చట్టం 18వ సెక్షన్ ఆ హక్కు ఇచ్చింది. ప్రతి రాష్ట్రంలోనూ కార్మికుల తరఫున ఉచితంగా వాదించే ప్రభుత్వ కార్యాలయం ఉంది. బ్రోకర్లకు కమిషన్ ఇవ్వకండి, నేరుగా అక్కడికే వెళ్లండి. 'అంతా తీసుకున్నాను' అని రాసిన కాగితం మీద, డబ్బు చేతికి రాకముందు సంతకం పెట్టకండి. సగం ఇచ్చి మొత్తానికి సంతకం అడిగితే, అందిన అంకె మీ చేతిరాతతో పక్కన రాసి అప్పుడు పెట్టండి.

కార్యవర్గానికి చివరిగా మా విన్నపం ఒక వరుస. ముందు మొదటి సీజన్ బాకీల పట్టిక రావాలి. తర్వాత చెల్లింపు తేదీలు రావాలి. ఆ తర్వాత ప్రతి క్లబ్బు డిపాజిట్ రసీదు మీ అధికారిక పేజీలో కనిపించాలి. ఈ మూడూ అయ్యాకే రెండో సీజన్ షెడ్యూల్ విడుదల చేయండి. 30 రోజుల్లో మొదటిది రాకపోతే, ఈ లేఖనే స్పానిష్‌లో రాసి, మెక్సికో కార్మిక శాఖకూ ఆయా రాష్ట్రాల కార్మిక రక్షణ కార్యాలయాలకూ పంపుతాం.

ఇట్లు,
మెక్సికో ఫుట్‌బాల్‌నూ క్రీడాకారుల కార్మిక హక్కులనూ పట్టించుకునే కొందరు తెలుగువాళ్లం